అమ్మ పడుకున్న చోటు

"బయటికి రా నాన్నా. ఆ దూదిలో కూర్చుంటే నీ ఊపిరి ఏం కాను?"

తలుపు అవతల నుంచి దగ్గు వినిపించింది గాని మాట వినిపించలేదు.

తమ్ముడు మళ్ళీ తలుపు తట్టాడు. కార్ఖానా అని ఇంటిల్లిపాదీ గొప్పగా పిలుచుకునే ఆ గది ఇంటి వెనక ఉంది. అమ్మ బతికినన్నాళ్ళూ పరుపులు కుట్టిన గది. దూది ఏకే యంత్రం, కుట్టు బల్ల, కప్పు దాకా పేర్చిన దూది మూటలు. వాటి మధ్యకి నిన్న సాయంత్రం నాన్న తన దిండు చంకలో పెట్టుకుని వెళ్ళి కాపురం పెట్టాడు. కండక్టరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని ఊరందరినీ తరిమిన మనిషి, ఇప్పుడు తను మాత్రం అంగుళం కదలనని కూర్చున్నాడు.

నాన్నకి దూది ధూళి అసలు పడదు. పెళ్ళైన కొత్తలో అమ్మకు సాయం చేద్దామని సరదాపడి ఆ గదిలోకి వెళ్ళి, ఆస్పత్రిలో తేలాడట. మళ్ళీ ఆ వైపు కన్నెత్తి చూడొద్దని డాక్టరు అప్పుడే గట్టిగా చెప్పాడు. ఇన్నేళ్ళూ చూడలేదు. అమ్మ పోయాక కూడా ఆ గడప తొక్కలేదు.

"తలుపుకి గడియ కూడా పెట్టలేదు చూడు," అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "అయినా వెళ్ళాలంటే భయమేస్తోంది. పొద్దున నేను వెళితే ఏమన్నాడో తెలుసా? నా పరుపు నాకు తెచ్చివ్వండి, అప్పుడొస్తా అన్నాడు."

"పరుపు మంచం మీదే ఉంది కదరా," అంది పెద్దమ్మాయి.

"ఉంది. నువ్వు చేసిన పరుపు ఉంది. నాన్న పరుపు లేదు."

నలభై దాటినా ఆ ఇంట్లో ఆమె పెద్దమ్మాయే. పెళ్ళి మాట ఎత్తిన ప్రతిసారీ ఏదో ఒక ఆర్డరు అడ్డం పెట్టుకుని తప్పించుకుంది. అమ్మ తర్వాత దుకాణం మొత్తం ఆమె చేతి మీదే నడుస్తోంది. తమ్ముడు వ్యాను నడిపి పరుపులు చేరవేస్తాడు. ఎవరేమన్నా ఎదురు చెప్పగల నోరు ఆమెకుంది. ఈ మాటకి మాత్రం తల దించుకుంది.

నిన్న పొద్దున నాన్నను తమ్ముడు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇల్లు ఖాళీగా దొరికింది కదా అని పెద్దమ్మాయి నాన్న పరుపును కార్ఖానాలోకి ఈడ్చుకెళ్ళింది. నడుం నొప్పి అని ఆయన నెలల తరబడి మూలుగుతున్నాడు. చూస్తే దూది ఉండలు కట్టింది. ఒక పక్కన లోతుగా గుంట పడింది. పరుపులు కుట్టేవాళ్ళ కంటికి గుంట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కుట్లు కోసింది. దూదంతా తీసి ఏకింది. ఎండబెట్టి, కొత్త గుడ్డలో నింపి, దబ్బనంతో కుట్లు వేసి, కర్రతో తట్టి సమం చేసింది. నాన్న వచ్చి పడుకుని మురిసిపోతాడని పని చేస్తున్నంతసేపూ మనసులో నవ్వుకుంది కూడా.

నాన్న వచ్చాడు. పరుపు మీద కూర్చోబోతూ ఆగాడు. అరచెయ్యి ఆనించి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమాడు. మళ్ళీ వెనక్కి తడిమాడు. అప్పటికి గాని పెద్దమ్మాయికి సంగతి వెలగలేదు.

ఆ గుంట అమ్మది.

---

"రోజూ పొద్దున్నే లేచి తన పక్కంతా దులిపేవారు మామయ్య. అత్తయ్య పక్క మాత్రం దుప్పటి పైపైన సర్దేవారు, గుంట చెదరకుండా," అంది మరదలు. నాన్నకి పట్టుకెళ్ళిన పళ్ళెం ముట్టుకోకుండానే తిరిగొచ్చింది. దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి మూత వేసింది.

"చూసి కూడా నాకు చెప్పలేదా నువ్వు?"

"మీరు అడిగారా వదినా? ఈ ఇంట్లో పరుపుల గురించి మీకు చెప్పడానికి నేనెంతదాన్ని? పోయినేడు నా దిండు ఎత్తుగా ఉందంటేనే, నీ మెడ వంకర అన్నారు."

తమ్ముడికి నవ్వొచ్చి, నవ్వే సమయం కాదని గుర్తొచ్చి, దగ్గినట్టు నటించాడు. ఆ ఇంట్లో ఆ పూట దగ్గు ఎవరికీ వేళాకోళంగా తోచలేదు.

"నెబ్యులైజరు పెట్టించుకోకుండా ఇంకో పూట గడిస్తే ఆస్పత్రికి మోసుకెళ్ళాల్సి వస్తుంది," అంది మరదలు. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. ఊరికే బెదిరించే రకం కాదు.

"అక్కా, ఒక మాట చెప్తా, ఒంటికాలి మీద లేవకు," అన్నాడు తమ్ముడు. "మళ్ళీ విప్పు. ఆ పక్క కొంచెం దూది తీసెయ్యి. అమ్మ పడుకున్నంత మేర గుంట పెట్టు. నీకు చేతకాని పనా?"

"కొత్త పరుపులో గుంట పెట్టమంటావా?"

"నాన్న బయటికొస్తాడు కదా."

"చెయ్యి పెట్టగానే తెలిసిపోతుందిరా. నాన్నని ఏమనుకున్నావు?"

"తెలిసినా ఊరుకుంటాడేమో. నువ్వు చేసి చూడు." వాడు పెరటి తలుపు వైపు చూశాడు. "నాకు ఆ దగ్గు వినబుద్ధి కావట్లేదక్కా. అమ్మని పంపించి ఏడాదైనా కాలేదు."

కుళాయి కింద గిన్నెలో నీళ్ళు నిండి పొర్లుతుంటే మరదలు వెళ్ళి కట్టేసింది.

---

పెద్దమ్మాయి పెరటి మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతోంది. కార్ఖానా కిటికీ సందుల్లోంచి సన్నటి దూది పోగులు ఒకటీ రెండూ బయటికొచ్చి, పైకి వెళ్ళాలో కిందికి దిగాలో తెలియనట్టు ఎండలో తేలుతున్నాయి. వాటిని చూస్తూ కూర్చుంటే చిన్నప్పుడు కూడా ఇలాగే కళ్ళు మూతలు పడేవి.

చిన్నప్పుడు ఆమెకో నమ్మకం ఉండేది. అమ్మ పొద్దున పడుచుగా ఉంటుంది, మధ్యాహ్నానికి ముసలిదైపోతుంది, సాయంత్రం స్నానం చేసి మళ్ళీ పడుచుదవుతుంది అని. పని మొదలెట్టిన కాసేపటికి అమ్మ జుట్టు, కనుబొమలు, రెప్పలు అన్నీ తెల్లబడిపోయేవి. ఆ తెల్లటి మనిషి యంత్రం పక్కన మబ్బులో నిలబడినట్టు నిలబడి నవ్వేది. మిగతా పిల్లల అమ్మలకి ఈ విద్య రాదని తెలిసినప్పుడు పెద్దమ్మాయికి వాళ్ళ మీద జాలేసింది.

అమ్మ కూర్చోబెట్టి నీతులు చెప్పే మనిషి కాదు. ఏం చెప్పినా పనిలో పనిగా చెప్పేది.

"కోపంగా ఉన్నప్పుడు దబ్బనం పట్టుకోకే. కుట్టు బిగుసుకుంటుంది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు నీ కోపం మీద పడుకుని పొద్దున్నే నడుం పట్టేసి లేస్తాడు."

ఇంకోసారి, ఒక కొత్త జంటకి పరుపు నింపుతూ, నడిమి భాగంలో ఒక గుప్పెడు దూది వెనక్కి తీసేసింది. అదేంటమ్మా, మోసం కదా అని అడిగితే కళ్ళెగరేసింది. "పోట్లాడుకుని చెరో అంచుకీ జరిగి పడుకుంటారు కదా. నిద్రలో దొర్లితే మధ్యలోకే రావాలి. ఆ మాత్రం సాయం మనం చెయ్యకపోతే ఎవరు చేస్తారు?"

ఏడాదికోసారి ఇంట్లో పరుపులన్నీ విప్పించేది. మెత్తగానే ఉన్నాయిగా అంటే వినేది కాదు. "అలవాటు పడి మెత్తగా ఉందనుకుంటున్నావు. విప్పి చూడు, రాయిలా ఉంటుంది. మనుషులు కూడా అంతేనే. అప్పుడప్పుడూ విప్పి దులుపుకోవాలి."

అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉండేది. కుట్టిన పరుపు మీద ఒక రాత్రి తను పడుకోకుండా అమ్మ దాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు. ఎక్కడ ఎగుడుదిగుడు ఉందో ఒళ్ళే చెప్పాలి, కంటికేం తెలుసు అనేది. ఆ మాట ఊరంతా పాకింది. అమ్మ దగ్గర కొన్న పరుపు మీద నిద్ర ముందే వచ్చి కూర్చుని ఉంటుందని జనం చెప్పుకునేవారు. పెద్దమ్మాయి కూడా ఆ నియమాన్ని గొప్పగా తలకెత్తుకుంది. వృత్తి అంటే అలా ఉండాలి అనుకుంది.

అది వృత్తి ధర్మం కాదని అమ్మ మంచం పట్టాక తెలిసింది.

ఒక మధ్యాహ్నం అమ్మకి తల దువ్వుతోంది. జుట్టు నల్లగా, నెరిసినచోట నెరిసి, శుభ్రంగా ఉంది. దూది పోగు ఒక్కటి లేదు. పని మానేసి అప్పటికి చాలా రోజులైంది.

"ఇన్నాళ్ళకి నా మంచం మీద నేను తెల్లారేదాకా పడుకుంటున్నానే," అంది అమ్మ, సిగ్గుపడుతున్న పిల్లలా.

అర్థంకాక చూసింది పెద్దమ్మాయి.

"ఎంత రుద్ది స్నానం చేసినా జుట్టులోంచి, చెవుల్లోంచి రాలుతూనే ఉంటుంది కదా ఈ పాడు దూది. నేను పక్కన పడుకుంటే మీ నాన్నకి అర్ధరాత్రి ఆయాసం వచ్చేసేది. ఆయన నిద్రపోయేదాకా ఉండి, మెల్లగా లేచి కార్ఖానాలోకి పోయేదాన్ని. ఆయన లేచేలోగా వచ్చేసేదాన్ని."

"మరి పరుపు చూడ్డానికి పడుకుంటానని చెప్పేదానివి?"

"మీ కంట పడ్డాను కాబట్టి చెప్పాను. ఏదో ఒకటి చెప్పాలిగా పిల్లలకి!" అని నవ్వి, ఆ నవ్వుకే అలిసిపోయింది. కాసేపటికి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆయన చెవిన వెయ్యకే. తన వల్ల నేను పక్క వదిలి పోయేదాన్నని తెలిస్తే ఆయన తట్టుకోలేడు."

వెయ్యనని మాటిచ్చింది పెద్దమ్మాయి.

కిటికీలోంచి ఇంకో పోగు తేలుతూ వచ్చి ఆమె చేతి మీద వాలింది. లోపల నాన్న దగ్గుతున్నాడు. ఈసారి దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆమె లేచింది. "నేను వెళ్ళి తీసుకొస్తా," అంటూ వంటింట్లో ఉన్న ఇన్‌హేలరు అందుకుంది.

---

నాన్న కిటికీ కింద, నేల మీద పరిచిన కొత్తగా కుట్టిన పరుపు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. భుజాల మీద, కనుబొమల మీద అప్పుడే దూది పేరుకుంటోంది. ఆ తెల్లటి మనిషిని చూడగానే పెద్దమ్మాయికి ఒక్క క్షణం అమ్మే కూర్చున్నట్టు తోచింది.

"ముందు ఇది పీల్చు నాన్నా. తర్వాత ఎంతైనా తిట్టు." ఇన్‌హేలరు నోటి దగ్గర పెట్టింది.

కాదనలేదు. పీల్చాడు. ఊపిరి కాస్త కుదుటపడేదాకా ఆమె వీపు నిమిరింది.

"నేను చూసుకోలేదు నాన్నా. నీ నడుం నొప్పి ఒక్కటే చూశాను. అమ్మ గుంట అని నాకు తట్టలేదు." మాట పూర్తికాకుండానే ఏడుపొచ్చింది. దుకాణంలో నలుగురిని గడగడలాడించే మనిషి, పలక పగలగొట్టిన పిల్లలా ముక్కు ఎగబీల్చుకుంటూ ఏడ్చింది.

"ఊరుకో తల్లీ." ఆయన చెయ్యి ఆమె తల మీదికొచ్చింది. "నీ తప్పేముంది? నీ చేతికి తెలిసిన పని నువ్వు చేశావు. మీ అమ్మ ఉన్నా అదే చేసేది."

"మరి లోపలికి రా."

"వచ్చి ఏం చెయ్యను? పడుకునే ముందు అందులో చెయ్యి పెట్టుకునేవాణ్ణి. పెడితే నిద్ర పట్టేది. నిన్న చూస్తే అంతా సమంగా ఉంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు." బతిమాలుతున్నట్టు అడిగాడు. "నువ్వు మళ్ళీ చెయ్యగలవా? మీ అమ్మ ఎలా పడుకునేదో అచ్చం అలా."

తమ్ముడు చెప్పింది నిజమే. ఆయనకి తెలిసినా ఊరుకుంటాడు. దబ్బనం బల్ల మీదే ఉంది. గంట పని. సరే అంటే చాలు.

"ఎలా పడుకునేది నాన్నా?" అని అడిగింది, కొలత అడుగుతున్నట్టు.

"నా వైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని. ఒకసారి పడుకుంటే అటు కదిలేది కాదు, ఇటు కదిలేది కాదు. అందుకే కదా అంత లోతు పడింది."

"అది జబ్బు నాన్నా," అంది పెద్దమ్మాయి మెల్లగా. "కదల్లేక అలా పడుకుంది. ఆ గుంట జబ్బు చేసిన గుంట. అమ్మ మామూలుగా అలా పడుకునేది కాదు."

అలా అంటే ఆయన మనసు ఆ గుంట మీద నుంచి విడివడుతుందనుకుంది. నొప్పిని పట్టుకుని వేళ్ళాడకు అని చెప్పాలనుకుంది. నాన్న మాత్రం ఆ మాటనే పట్టుకున్నాడు.

"మరి మామూలుగా ఎలా పడుకునేది?"

పెద్దమ్మాయి ఆయన భుజం మీది దూది దులిపింది.

"నేను డ్యూటీ నుంచి వచ్చి పడితే ఒళ్ళు తెలిసేది కాదు. నేను లేచేసరికి తను లేచి తిరుగుతుండేది." గుర్తు చేసుకోవాలని కళ్ళు మూసుకున్నాడు. రెప్పల మీది దూది అదిరింది. "ఎల్లకిలా పడుకునేదా? నోరు తెరుచుకుని పడుకునేదా? గురక పెట్టేదా? అన్నేళ్ళు కాపురం చేశాను. జబ్బు పడేదాకా ఆ మనిషి నిద్రపోతుంటే నేనొక్కసారి చూళ్ళేదే!"

"నాన్నా, లేచి రా. తర్వాత మాట్లాడుకుందాం."

"నువ్వు చూసే ఉంటావు. చెప్పు. నాకింకేం వద్దు, గుంట వద్దు, ఏం వద్దు. ఎలా పడుకునేదో చెప్పు చాలు. వచ్చేస్తా."

వచ్చేస్తా అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే కదా నిన్నటి నుంచి ఇల్లంతా తలుపు పట్టుకుని నిలబడింది. ఎల్లకిలా పడుకునేది నాన్నా అని ఒక అబద్ధం ఆడితే సరిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన ముఖం చూశాక అబద్ధం నోట రాలేదు. మిగిలిన ఈ ఒక్కటీ కూడా ఆయనకి అబద్ధమే ఇవ్వాలా?

"అమ్మ ఆ మంచం మీద పడుకునేది కాదు నాన్నా."

చెప్పేసింది. జుట్టులోని దూది సంగతి, నాన్నకి వచ్చే ఆయాసం సంగతి, అందరూ గొప్పగా చెప్పుకున్న ఆ నియమం సంగతి, ఏదీ దాచకుండా. చివర్లో, మంచం పట్టాక అమ్మ సిగ్గుపడుతూ అన్న మాట కూడా చెప్పింది. నీ పక్కన తెల్లారేదాకా పడుకోవడం ఆవిడకి అప్పుడే కుదిరింది నాన్నా, ఆ రోజుల్లో ఎంత సంతోషపడిందో తెలుసా, అంటూ గబగబా, అదే మందన్నట్టు చెప్పుకుపోయింది.

నాన్న వింటున్నాడో లేదో తెలియలేదు. దగ్గు కూడా ఆగిపోయింది.

"ఎక్కడ?" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఈ గదిలో ఎక్కడ పడుకునేది?"

పెద్దమ్మాయి నేల వైపు చూసింది. కుట్టడం పూర్తైన పరుపులు ఎప్పుడూ కిటికీ కిందే పరుస్తారు. అమ్మ కాలం నుంచీ అంతే. చెప్పనక్కర్లేకుండానే ఆయన ఆ చూపు అందుకున్నాడు.

"ఇక్కడేనా?"

తల ఊపింది.

ఆయన తను కూర్చున్నచోటుని రెండు చేతులతో తాకి చూశాడు. తర్వాత మెల్లగా, ఒకరి నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా ఒరిగి, కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. చుట్టూ దూది లేచి, ఆయన మీదే సర్దుకుంది.

"నాన్నా, వద్దు! వస్తానన్నావు కదా! నీకు పడదు నాన్నా, లే!"

"ఏ వైపు తిరిగి పడుకునేది తల్లీ?"

ఆమె ఆయన చెయ్యి పట్టి లాగింది. కదల్లేదు. మళ్ళీ అడిగాడు. బస్సులో చిల్లర అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఇంటి వైపు," అంది పెద్దమ్మాయి. "నీ దగ్గు వినపడుతుందని."

నాన్న ఇంటి వైపు తిరిగాడు. చెయ్యి తల కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

గుమ్మంలోకి వచ్చిన తమ్ముడు లోపల పడుకున్న మనిషిని చూశాడు. "తీసుకొస్తానని వెళ్ళావు కదక్కా! ఏం చెప్పావు నాన్నకి?"